జవాబు కాని ఉత్తరం

జూన్ 4

చెవిటిమాలోకానికి అక్క దీవెనలు.

ఇంట్లో నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకనివాడివి, ఆకాశం ఏమంటోందో వినమని నీకు జీతమిచ్చి మరీ కూర్చోబెట్టారంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. మీ యాంటెన్నాకి అడ్డమని ఆ లోయలో ఫోన్లు కూడా ఉంచుకోనివ్వరట కదా. ఒకందుకు మంచిదేలే. ఫోన్లో అయితే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని.

మీ బావ వచ్చాడు. కళ్ళద్దాలు కావాలని షాపుకొచ్చి, కస్టమర్లా స్టూలు మీద కూర్చున్నాడు. నేను వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్నాను, చేతుల నిండా తెల్ల బురద. మా షాపు పెద్దాయనకి మనిషెవరో తెలియదు కదా, "అమ్మాయ్, ఈయన కళ్ళు చూడు" అన్నాడు. ఏం చేయను, చూశాను. ఒక్కో వరుసా గడగడా చదివేశాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చీకట్లో సన్న తీగలు ఏరేవాడు, ఆ కళ్ళకేం? చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్షరాలు వదిలేసి "ఇంటికి రా" అన్నాడు.

మూడేళ్ళయింది నేను వచ్చేసి. ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. నేను ఇష్టపడి తెచ్చుకున్న వస్తువులే ఆయన చేతిలోంచి జారి పగిలేవి. రేడియో, నీలం గాజు దీపం, అమ్మ ఇచ్చిన అద్దం. ఒకటి పగిలితే పొరపాటంటాం. అన్నీ నావే పగిలితే ఏమంటాం? ఇప్పుడు మారానంటున్నాడు. మనిషి చిక్కిపోయాడు కూడా. ఈ వెనక గదిలో ఒక మంచం, ఒక సాన, నేను. పొద్దున్నే లేస్తే పలకరించేది ఆ సాన ఒక్కటే.

వెళ్ళనా, వద్దా? నువ్వేం చెప్తే అదే చేస్తాను. అమ్మ పోయాక నాకు అడగడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? కాకపోతే జవాబు ఈ షాపుకే రావాలి. పెద్దాయన చాలా మంచివాడు, కానీ కవరు కనిపిస్తే చెయ్యి ఆగదు. కాబట్టి మన ఇంటి పద్ధతిలో రాయి. తాతయ్య పోయినరోజు అమ్మ మనతో ఏమంది? "ఆ కుర్చీ ఇక ఎండలో వేయక్కర్లేదమ్మా" అంది. అంతే. నువ్వు పరీక్ష తప్పినప్పుడు నాన్నతో నేనేమన్నాను? పాలు విరిగాయన్నాను. మన ఇంట్లో పెద్ద మాట ఎప్పుడైనా పెరటి గుమ్మంలోంచే వచ్చింది. నువ్వూ అలాగే ఏదో ఒకటి రాయి, నేను పట్టుకుంటాను.

నీ
అక్క

జూన్ 6

అక్కా,

కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. సామాన్ల వ్యాను పైకి రావడం మానేసి రెండు వారాలు దాటింది. ఉత్తరాల్లేవు, కూరగాయల్లేవు, మా వంటాయన మాత్రం బంగాళాదుంపలనే రోజుకో పేరుతో పిలిచి వడ్డిస్తున్నాడు. కిందికి నడిచి వెళ్ళే మనిషి ఒకడు దొరికాడు, అతని చేతికి ఇది ఇస్తున్నాను. నువ్వు ఎలా ఉన్నావో, ఏం రాశావో ఏమీ తెలియదు. తెలియకపోయినా రాయకుండా ఉండలేను, నా ఆనందం పట్టలేకపోతున్నాను.

రెండు గెలాక్సీలు, అక్కా! ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. ఢీకొట్టుకుంటే నక్షత్రాలన్నీ టపాటపా పగులుతాయనుకుంటావు కదా? ఒక్కటి కూడా ఇంకోదానికి తగలదు. ఈ ఊళ్ళో ఒక ఆవగింజ, పై ఊళ్ళో ఇంకో ఆవగింజ, అంతంత ఎడం వాటి మధ్య. దెబ్బంతా ఆ ఖాళీల్లో పరుచుకున్న వాయువుదే. సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చి ఈ వాయువూ ఆ వాయువూ గుద్దుకుంటాయి. తప్పుకునే వ్యవధి ఉండదు. అప్పుడు పుట్టేదాన్ని ఆఘాత తరంగం అంటాం. ముందు భగ్గుమని కాగిపోతుంది. భయపడకూడదు, ఆ వేడి కాస్త చల్లారనివ్వాలి. చల్లారాక, నొక్కుకుపోయిన వాయువు ముద్దలు ముద్దలుగా కట్టి, తన బరువుకి తనే లోపలికి కుంగి, కొత్త నక్షత్రాలై వెలుగుతుంది. ఒకటీ రెండూ కాదు, మామూలు గెలాక్సీలో పుట్టేవాటికి ఎన్నో రెట్లు.

విడివిడిగా ఉండి ఉంటే రెండూ చప్పగా, చల్లగా ముసలివైపోయేవి. కలవబట్టే ఈ వెలుగు. నాకైతే లేచి గంతులేయాలనిపించింది. మా పెద్దసారు మాత్రం టీ తాగుతూ "ఇది సగమేనోయ్, మిగతా సగం చలికాలంలో కొలుద్దాం" అన్నాడు. ఆయనెప్పుడూ అంతే, పెళ్ళింట్లో తుమ్మే మనిషి.

నీ సానకి, మీ పెద్దాయనకి నా నమస్కారాలు.

నీ
తమ్ముడు

జూన్ 21

ఒరేయ్ నా బంగారం,

నిన్ను చెవిటిమాలోకమన్న నోటిని కడుక్కుంటున్నాను. ఎంత బాగా రాశావురా! పెద్దాయన కోసం నా ఉత్తరం అందనే లేదన్నట్టు రాశావు చూడు, భలే ఎత్తు. పెద్దాయన నాకంటే ముందే చదివేసి, "మీ తమ్ముడు చాలా పెద్ద చదువు చదివాడమ్మా, ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటూ నా చేతికిచ్చాడు. నాకు మాత్రం అక్షరం అక్షరం అర్థమైంది. "భయపడకూడదు, ఆ వేడి కాస్త చల్లారనివ్వాలి" అన్నచోట ఏడ్చేశాను. "కలవబట్టే ఈ వెలుగు" అన్నచోట లేచి పెట్టె సర్దుకున్నాను.

పై చిరునామా చూశావు కదా. ఇంటికి వచ్చేశాను. రెండు గదులు, మూడో అంతస్తు, లిఫ్టులు బాగుచేసే మనిషి ఇంటికి లిఫ్టు లేదు, చూడు విడ్డూరం. ఆయన గోడలకి తనే రంగు వేశాడు. నాకు రేడియో కొన్నాడు. వంట చేస్తూ పాడుతున్నాడు, ఆ గొంతుకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నా సరే పాడుతున్నాడు. షాపు పని మానలేదు, రోజూ వెళ్ళొస్తున్నాను.

నువ్వు వద్దని ఉంటే ఆ వెనక గదిలోనే ముసలిదాన్నయ్యేదాన్ని.

నీ
అక్క

జూలై 8

అక్కా,

రోడ్డు బాగుచేశారు. నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. మొదటిదేదో చూసుకోకుండా రెండోది ముందు విప్పాను. నువ్వు ఎవరికి ఇన్ని థాంక్సులు చెప్తున్నావో, ఎందుకు చెప్తున్నావో అర్థం కాక బుర్ర గోక్కున్నాను. తర్వాత మొదటిది చదివాను.

నువ్వు సంతోషంగా ఉన్నావు, అంతకంటే ఏం కావాలి? బావకి నమస్కారాలు చెప్పు. షాపు పని మాత్రం వదలకు. ఇక్కడ వానలు. నా క్వార్టర్‌లో రెండో గది కప్పు కారుతోంది, బకెట్లు పెట్టాను.

నీ
తమ్ముడు

ఆగస్టు 19

తమ్ముడికి,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. పొగిడితే సిగ్గుపడేవాడివి చిన్నప్పుడు, ఇంకా పోలేదన్నమాట.

షాపు మానేశాను. కోప్పడకు. ఆయన పొద్దున పోయి సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండాలన్నారు. మూడేళ్ళు తాళం చూసిన మనిషి కదా, ఆ మాత్రం అడగడూ? పెద్దాయన నా సాన తుడిచి, గుడ్డ కప్పి పక్కన పెట్టాడు. "ఇది ఇక్కడే ఉంటుందమ్మా" అన్నాడు.

పోయిన వారం ఒక గొడవ జరిగింది. పక్కింటావిడతో మెట్ల మీద ఎక్కువసేపు మాట్లాడానని గట్టిగా అరిచారు. రేడియో కింద పడింది. పాత రోజుల్లో అయితే వణికిపోయేదాన్ని. ఈసారి నీ మాట తలుచుకున్నాను, ముందు భగ్గుమంటుంది, ఆ వేడి చల్లారాకే వెలుగు అని. చేటతో ముక్కలు ఎత్తేసి, నిమ్మళంగా టీ పెట్టిచ్చాను. చూశావా, నీ అక్క ఎంత ధైర్యవంతురాలైందో! ఇలాగే నాలుగు ముక్కలు ఇంకా రాయి. ఇప్పుడు ఎంతవరకు వచ్చినట్టు మేము?

నీ
అక్క

సెప్టెంబరు 2

అక్కా,

ఇప్పుడు తిన్నగా రాస్తున్నాను, తిన్నగానే చదువు. నా జూన్ ఉత్తరం నీకు జవాబు కాదు. ఉత్తరం మీద తేదీ వేసి చచ్చాను, చూసుకోవద్దూ? అది రాసేనాటికి నీ ఉత్తరం నాకు అందనే లేదు. నేను గెలాక్సీల గురించి రాస్తే అది గెలాక్సీల గురించే. వాయువంటే వాయువే, నీ కాపురం కాదు. నేను ఏళ్ళ తరబడి చదువుకున్నది నువ్వు చిలకజోస్యంలా చదువుతానంటే నేనేం చేయను? రేడియో పగిలితే నా పేరు చెప్పుకుని ముక్కలెత్తడమేమిటి? వింటేనే ఒళ్ళు మండింది.

నేను అమ్మను కాదు. కుర్చీలూ పాలూ అంటూ మాట్లాడటం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. ఇక మీదట నా ఉత్తరాల్లో నీ కోసం ఏదో దాచి పెట్టానని వెతక్కు. ఏదీ ఉండదు. వెళ్ళడమూ, ఉండటమూ నువ్వే తేల్చుకోవాలి. మధ్యలో నన్ను అడ్డం పెట్టుకోకు.

తమ్ముడు

సెప్టెంబరు 20

తమ్ముడికి,

అందింది. నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. నువ్వివ్వని జవాబు పట్టుకుని ఊరేగాను, నా తెలివి అంత. సిగ్గుతో రెండు రోజులు అన్నం దిగలేదు, మూడోరోజు దిగింది. ఇకనుంచి గెలాక్సీ అంటే గెలాక్సీయే. ఒట్టు.

ఇక్కడ చెప్పడానికి ఏం లేదు. కొత్త రంగు వాసన పోయింది. ఆయన పాడటం లేదు.

అక్క

అక్టోబరు 27

అక్కా,

నా పోయిన ఉత్తరానికి నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నీ ఆ నాలుగు ముక్కల జవాబు అందాక రెండు వ్యాన్లు వచ్చి వెళ్ళాయి, నీ దగ్గర్నుంచి మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. తిట్టడానికైనా రాయి. ఎలా ఉన్నావు? బావ ఏమంటున్నాడు? షాపు పెద్దాయనతో మాట్లాడి మళ్ళీ పనిలో చేరకూడదూ?

నీ
తమ్ముడు

నవంబరు 15

తమ్ముడికి,

అక్షరాలు ఇంత పెద్దగా, వంకరగా ఉన్నాయేమిటనుకోకు. నా కళ్ళద్దాలు పగిలాయి. ఆయన చేతిలోంచి జారాయి. కళ్ళద్దాలు చేసే మనిషికి కళ్ళద్దాలు లేకపోవడమంటే చెప్పులు కుట్టేవాడు వట్టి కాళ్ళతో తిరిగినట్టే. దూరం బానే కనిపిస్తుంది. ఎదుటి మేడ మీద ఎవరేం ఆరేశారో చెప్పగలను. దగ్గరివే కనిపించవు. బియ్యంలో రాళ్ళు, సూది బెజ్జం, నీ ఉత్తరం.

నీ ఉత్తరాలు ఇప్పుడు ఆయనే చదివి వినిపిస్తున్నారు. పోయినసారి "ఎలా ఉన్నావు" అన్నచోట ఆగి, "ఎలా ఉన్నావట, చెప్పు" అని నా మొహంలోకి చూశారు. బాగున్నానన్నాను. షాపు సంగతి చదివాక కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నారు. కొత్త అద్దాలు చేయిద్దామంటే, ఇంట్లో ఉండేదానికి ఎందుకన్నారు. ఇంటి గురించి ఏమీ అడగకురా. కావాలంటే నీ పని గురించి రాయి, ఆయనకి అవి వినడం సరదా.

అక్క

డిసెంబరు 3

అక్కకీ బావకీ నమస్కారాలు.

బావా, మీరు చదివి వినిపిస్తున్నారని తెలిసి సంతోషించాను. నా పని గురించి వినడం మీకు సరదా అని అక్క రాసింది కాబట్టి అదే రాస్తాను.

జూన్‌లో ఢీకొంటున్న రెండు గెలాక్సీల గురించి రాశాను. పెద్దసారు చెప్పిన మిగతా సగం ఇప్పుడు కొలిచాం. అప్పుడు నేను తొందరపడి గంతులేశాను. ఆ వెలుగు నిజమే, కానీ అది ఉన్నదంతా ఒక్కసారే ఖర్చు పెట్టిన వెలుగు. ఇలాగే ఎప్పుడో కలిసిపోయిన ఒక పాత జంట వైపు యాంటెన్నా తిప్పాం. వాయువు జాడ దాదాపు లేదు. కొంత నక్షత్రాలకే అయిపోయింది, కొంత కాగి కాగి బయటికి పోయింది. వాయువు లేకపోతే కొత్త నక్షత్రం పుట్టదు. ఎంతకాలం ఎదురుచూసినా పుట్టదు. ఉన్నవి ఎర్రబడి ఒక్కొక్కటే ఆరిపోవడం తప్ప అక్కడ ఇక జరిగేదేమీ లేదు.

ఒకటి మాత్రం మీరు వినాలి. ఢీకొన్నప్పుడు కొంత వాయువూ, కొన్ని నక్షత్రాలూ తోకలా బయటికి, చాలా దూరం విసిరేసినట్టు పోతాయి. పోయినవి పాడైపోయాయనుకునేవాణ్ణి. కాదు. ఆ తోక చివర, చీకట్లో, ఒక చిన్న గుంపు తన వాయువుతో తనే వెలుగుతోంది. బయటికి వచ్చేసింది కాబట్టే బతికింది.

ఇక్కడ అంతా మామూలే. నా క్వార్టర్‌లో రెండో గది కప్పు బాగుచేయించాను, ఖాళీగా ఉంది. వ్యాను కింద బస్టాండు నుంచి శుక్రవారం పొద్దున్నే బయల్దేరుతుంది. మొన్న ఎందుకో అమ్మ మాట గుర్తొచ్చింది అక్కా. ఆ కుర్చీ ఇక ఎండలో వేయక్కర్లేదు అంది చూడు, అది.

మీ
తమ్ముడు

డిసెంబరు 18

ఒరేయ్ తమ్ముడూ,

ఆయన పనికి వెళ్ళారు. తడుముకుంటూ రాస్తున్నాను, ఒక వరుస మీద ఇంకో వరుస పడితే సర్దుకుని చదువుకో. కిటికీలోంచి అందిస్తే పక్కింటావిడ పోస్టు డబ్బాలో వేస్తానంది. ఆయన చూడరు కాబట్టి నిజం రాస్తున్నాను. బాగాలేదురా. నిన్న తలుపుకి బయట గడియ పెట్టించారు.

నీ ఉత్తరం ఆయన సోఫాలో కూర్చుని చదివారు, నేను బట్టలు మడత పెడుతూ విన్నాను. తోక చివర బతికిన గుంపు గురించి చదివినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. బయటికి వచ్చేసింది కాబట్టే బతికింది అని ఆయన నోటితోనే విన్నాను. వీడు నన్ను రమ్మంటున్నాడు అనుకున్నాను. రెండో గది అన్నావు, శుక్రవారం వ్యాను అన్నావు. అమ్మ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పెట్టె ఎక్కడుందో కూడా గుర్తు చేసుకున్నాను.

అప్పుడు నువ్వు పెట్టిన చీవాట్లు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది నా మీద నాకే. వద్దు, మళ్ళీ అదే తప్పు చేయకు, వాయువంటే వాయువే అన్నాడు కదా, వెతికితే ఏదీ ఉండదన్నాడు కదా అని మనసుకి చెప్పుకున్నాను. వాడికి అమ్మ గుర్తొచ్చింది, గది కప్పు బాగైంది, అంతే. ఈసారి దేన్నీ నాకు తగిలించుకోలేదు. తిన్నగానే విన్నాను. నీకు కోపం తెప్పించే పని ఇక చేయను. పాపం ఆ పాత జంట, ఎంతకాలం ఎదురుచూసినా అన్నావు చూడు, అది మాత్రం కాస్త బాధనిపించింది.

ఆయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. ఈ గురువారం ఇల్లు మారుతున్నాం. ఏ ఊరో వెళ్ళాక చూద్దువుగాని అన్నారు. కొత్త చిరునామా తనే నీకు రాస్తానన్నారు.

చలికి చెవులు మూసుకుని తిరుగు. అసలే అవి జీతం తెచ్చే చెవులు.

నీ
అక్క

జనవరి 9

అక్కా,

నీ ఉత్తరం పోయిన వ్యానులో వచ్చింది. అదే వ్యానెక్కి కిందికి దిగాను. మూడో అంతస్తు దాకా వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఎవరో కొత్తవాళ్ళు గోడలకి రంగు వేస్తున్నారు. బయట గడియ ఇంకా అలాగే ఉంది. పక్కింటావిడ ఏడ్చింది గానీ ఏ ఊరో ఆవిడకీ తెలియదు. బావ లిఫ్టుల కంపెనీలో అడిగితే, చెప్పకుండా మానేశాడన్నారు. పోలీసులు రాసుకున్నారు. భర్తతోనే వెళ్ళింది కదా అన్నారు.

ఇప్పుడు మీ షాపులో, నువ్వు కూర్చునే స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. చిరునామా రాదు, నాకు తెలుసు. ఎప్పుడైనా నువ్వు ఎక్కడికైనా రాగలిగితే ఇక్కడికే వస్తావని పెద్దాయన అంటున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు. నీ కళ్ళ నంబరు ఆయనకి గుర్తే ఉంది. నీ సాన మీద గుడ్డ తీసి, పొద్దున్నుంచి కూర్చుని తనే కొత్త అద్దాలు చేశాడు. ఈ ఉత్తరం ఆ అద్దాల పెట్టెలోనే పెడుతున్నాను. ముందు అద్దాలు పెట్టుకుని, తర్వాత చదువు.

డిసెంబరులో రాసింది గెలాక్సీల గురించి కాదు. అది నీ గురించి. గది నీకు. వ్యాను నీకు. కుర్చీ మాట నీకు. నువ్వు మొదట అనుకున్నదే నిజం అక్కా, సరిగ్గానే విన్నావు. తిన్నగా చెప్తున్నాను, వచ్చేయ్.

పెద్దాయన షాపు మూసే వేళైందంటున్నాడు. పెట్టెని నీ సాన పక్కన పెట్టి, పైన గుడ్డ కప్పమన్నాను.

నీ
తమ్ముడు